ఎవరి ఎడమ

అద్దాలాయన క్షవరశాలలో ఎదురెదురు గోడలకు రెండు పెద్ద అద్దాలుంటాయి. కుర్చీలో కూర్చున్నవారికి ముందు తమ ముఖమూ, దాని వెనుక తమ వీపూ, ఆ వీపు వెనుక మళ్లీ ముఖమూ, అలా అంతూ పొంతూ లేకుండా కనిపిస్తూ పోతాయి. ఆయనకు ఆ పేరు వచ్చింది ఆ అద్దాల వల్లనే. అసలు పేరు వాడుకలో లేక అరిగిపోయింది. సొంత భార్య సైతం ఎవరైనా అడిగితే "అద్దాలాయన భార్యని" అనే చెబుతుంది.

ఆ రోజు పదకొండు గంటలకు ఫోను మోగినప్పుడు ఆయన చేతిలో కత్తి ఉంది, కత్తి కింద పాత నేస్తం, రిటైరైన బస్సు కండక్టరు గడ్డం ఉంది. ఫోను చేసింది తప్పిపోయిన పిల్లల విభాగంలో పనిచేసే అమ్మాయి. పోలీసుద్యోగమే అయినా గొంతులో పెత్తనం ఉండదు.

"పెద్దాయనా, ఒక్క మాట. మీ పాపకు ఎడమ కనుబొమలో వెంట్రుకలు మొలవని గాటు ఉందని ఇక్కడ రాసుంది. ఎడమేనా?"

"ఎడమ."

"అయితే కాదులెండి. ఇప్పుడు దొరికినామెకు కుడి వైపుంది. మరోలా అనుకోకండి."

ఫోను జేబులో పడింది. సగం నురుగు ముఖంతో కండక్టరు అద్దంలోంచే అడిగాడు.

"ఏంటి బావా?"

"ఏం లేదు. కాదంట."

"ఏది కాదంట?"

"మాట్లాడకు. తెగుతుంది."

కత్తి మళ్లీ గడ్డం మీద నడిచింది. ఈ మాట వినడం ఆయనకు మూడోసారి. గాటు ఎడమ వైపే ఉన్న ఒకామెకు పదేళ్ల కిందట రక్తపరీక్ష చేశారు, కలవలేదు. ఆరేళ్ల కిందట మరొకామె గురించి కబురు వచ్చింది. ఆమెకు గాటు కుడి వైపున ఉంది కనుక పరీక్ష దాకా వెళ్లనే లేదు. ఇప్పుడు ఈమె. వినగా వినగా ఆ మాటకు ఆయన మెడ తనంతట తానే ఊగడం నేర్చుకుంది.

జరిగినదాన్ని ముప్పై ఒక్క ఏళ్లుగా ఎన్ని విధాల చెప్పినా రెండు వాక్యాలకు మించి పెరగలేదు. ఐదున్నరేళ్ల పెద్దమ్మాయి మధ్యాహ్నం షాపు నుంచి ఇంటికని బయలుదేరింది. షాపుకూ ఇంటికీ మధ్య నాలుగు గుమ్మాలు. పిల్ల ఇంట్లో ఉందని ఆయన అనుకున్నాడు, షాపులో ఉందని ఆమె అనుకుంది, అలా అనుకోవడంలోనే మూడు గంటలు గడిచిపోయాయి. 'అనుకొను' అనే క్రియ ఎంత సుఖమైనదో, ఎంత ప్రమాదకరమైనదో ఆ దంపతులకు తెలిసినంతగా మరెవరికీ తెలియకపోవచ్చు. ఆ తరువాత ఒకరినొకరు నిందించుకోలేదు. నిందించుకుని ఉంటే కొంత తేలికపడేవారేమో!

కనుబొమ మీది గాటు అంతకు ముందు ఏడాదిది. తిరిగే కుర్చీలో గిరగిరా తిరుగుతూ పిల్ల బోర్లా పడింది. కాళ్లు ఆనించుకునే ఇనుప పలక తగిలింది. గాయం మానింది కాని, బియ్యపుగింజంత మేర వెంట్రుక మళ్లీ మొలవలేదు. ఎందరి వెంట్రుకలనో దిద్దిన చేతికి సొంత కూతురి కనుబొమ దిద్దడం సాధ్యం కాలేదు. పిల్ల తప్పిపోయిందని వేయించిన ప్రకటనలో అదే ప్రధానమైన గుర్తయింది.

మధ్యాహ్నం భోజనానికి చిన్నమ్మాయి వచ్చింది. అక్క కనిపించకుండా పోయేనాటికి ఆమె ఎనిమిది నెలల పసికందు. ఇప్పుడు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. తన కొడుక్కి ఆరేళ్లు వచ్చినా, ఐదున్నరేళ్ల వయసులో ఆగిపోయిన పిల్లను ఆమె ఇంకా అక్క అనే అంటుంది. మన బంధువాచకాలలో పెద్దా చిన్నా ఒక్కసారే నిర్ణయమవుతాయి. కాలానికి వాటితో పని లేదు.

తండ్రి ఫోను సంగతి చెప్పాడు. చిన్నమ్మాయి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"ఎవరి ఎడమ, నాన్నా?"

"ఎవరి ఎడమేంటే? ఎడమంటే ఎడమే."

"నీ ఎడమా, అక్క ఎడమా? మా దగ్గర ప్రతి ఫిల్ము మీదా సీసంతో చేసిన అక్షరం పెడతాం, ఇది ఎడమ, ఇది కుడి అని. అది లేకుండా ఫిల్మును తిరగేసి చూశారనుకో, బాగున్న కాలికి కట్టు కడతారు. రోగి ఎడమంటే రోగిదే, చూసేవాళ్లది కాదు. మొదటిరోజే నేర్పుతారు మాకు. నిన్ను అప్పుడు ఎవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు. వ్యాకరణం మీద మమకారం ఉన్నవారు ఇక్కడ ఒక్క క్షణం నిలబడక తప్పదు. తూర్పు పడమరలు ఎవరి ముఖం చూసీ మారవు. ఎడమ, కుడి అలాంటివి కావు. ప్రతి మనిషీ తన ఎడమను, తన కుడిని వెంటబెట్టుకుని తిరుగుతాడు. అందుచేత ఆ మాటలకు ముందు ఎవరిది అని చెప్పే షష్ఠి ఒకటి ఉండి తీరాలి, పైకి పలికినా పలకకపోయినా. 'ఎడమ కనుబొమపై గాటు' అని అచ్చయిన ఆ ప్రకటనలో షష్ఠి లేదు. ఎడమకూ ఎడబాటుకూ మూలం ఒకటేనో కాదో పండితులు తేల్చాలి. చెవికి మాత్రం రెండూ ఒక ఇంటి పిల్లల్లాగే వినిపిస్తాయి.

"నేను అప్పుడే కుడి అన్నాను," అంది తల్లి, గిన్నె మీద మూత పెడుతూ. "నా మాట ఎవరు విన్నారు?"

"నీ కుడా, దాని కుడా?" అన్నాడు ఆయన, ఆ ప్రశ్న తనకు పుట్టుకతోనే తెలిసినట్టు.

"చూడండీ..." అని ఆమె ఎదుట పిల్ల నిలబడి ఉన్నట్టుగా పౌడరు అద్దే చేయి ఎత్తింది. కుడి చేయి గాలిలో ఒకచోట ఆగింది. కాదనిపించి అక్కడ ఎడమ చేయి పెట్టింది. "జడ వేసేటప్పుడు వీపు ఇటుండేది కదా. ఆ తరవాత ఇటు తిరిగేది..." రెండు చేతులూ మెల్లగా ఒడిలోకి దిగాయి. "ఇందాకటి దాకా తెలుసునే నాకు," అంది కూతురితో. "నువ్వడిగాకే పోయింది."

ఫొటో తీశారు. స్టూడియోలో తీయించిన ఒకే ఒక్క ఫొటో. గాటు చూసేవారి ఎడమకు కనిపిస్తోంది. అంటే పిల్ల కుడి. కాని ఆ స్టూడియోవాడు ఫిల్మును తిరగేసి అచ్చువేయడంలో పేరుమోసినవాడు. ఒకసారి పెళ్లి ఫొటోలో వధూవరులిద్దరినీ ఎడమచేతి వాటంవాళ్లను చేసి తన్నులు తప్పించుకున్నాడు. స్టూడియో ఇప్పుడు లేదు, వాడూ లేడు. పాపిట నడిమిన, జడలు రెండు, గౌనుకు బొత్తాలు వెనుక, తెర మీద మబ్బులు. ఎడమో కుడో సాక్ష్యం చెప్పే వస్తువు అందులో ఒక్కటీ లేదు.

"అప్పుడు స్టేషనులో ఏం చూసి చెప్పావు నాన్నా, ఫొటో చూసా, గుర్తు తెచ్చుకునా?"

ఆయన ఫొటోను బోర్లా పెట్టి చెప్పులు వేసుకున్నాడు.

షాపుకు తిరిగి వచ్చేసరికి కండక్టరు బెంచీ మీద పేపరు చదువుతున్నాడు. ఆయన్ని లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, కుడి కనుబొమ మీద చిటికెడు నురుగు అంటించి, అద్దాలాయన వెనుక నిలబడి చూశాడు. ముందుకు వచ్చి చూశాడు. మళ్లీ వెనక్కి వెళ్లాడు.

"నా ఉద్యోగమంతా జనాన్ని ముందుకు జరగండి, వెనక్కి జరగండి అన్నాను. ఆ పాపం ఇప్పుడు తీరుతోందన్నమాట," అన్నాడు కండక్టరు.

"కదలకు బావా. నువ్వు కాసేపు మా పాపవి."

కండక్టరు అద్దంలో ఆయన ముఖం చూసి గూట్లో పెట్టిన బొమ్మలా కూర్చున్నాడు.

వెనుక నిలబడి అద్దంలో చూస్తే కూర్చున్నవారి ఎడమ ఎడమగానే ఉంటుంది. ఎదుట నిలబడి చూస్తే తారుమారవుతుంది. సూత్రం తేలిపోయింది. తేలనిది ఒక్కటే. కళ్లు మూసుకుంటే ఆయనకు కనిపించే ముఖం, కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసిన చెక్కపై కూర్చుని, మెడ మీద వెంట్రుకలు గుచ్చుకుంటున్నాయని నవ్వే ఆ ముఖం, దాని ఎడమ పక్కన గాటు, అది అద్దంలోదా, ఎదుటిదా? అద్దంలోదైతే పిల్ల తల పైన ఆయన తల కూడా ఉండాలి. ఆ జ్ఞాపకంలో తానున్నాడా? వెతికాడు. వెతకగానే నల్లమీసాలతో ఒక యువకుడు వచ్చి పిల్ల వెనుక నిలబడ్డాడు. వచ్చాడా, తానే పిలిచాడా? పొమ్మంటే పోయాడు. గాటు కూడా ఒకసారి అటూ ఒకసారి ఇటూ మెరిసి, చివరికి రెండు కనుబొమలూ నిండుగా కనిపించాయి. ఆయన గబుక్కున కళ్లు తెరిచాడు. మరికాసేపు చూస్తే ముఖం మొత్తమే చెరిగిపోతుందని భయం వేసింది.

"ఇంక తుడిచేయనా?" అన్నాడు కండక్టరు మెల్లగా.

మర్నాడు ఉదయం తప్పిపోయిన పిల్లల విభాగంలో ఆయన బల్లకు ఇవతల నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, ఎడమ కొట్టేయండి."

"కుడి అని రాయమంటారా?"

"వద్దు."

"మరి?"

"రెండూ రాయండి."

"రెండూ అంటే రెండు కనుబొమలకీ గాట్లున్నాయని అర్థం వస్తుంది, పెద్దాయనా."

ఆయన తికమకపడ్డాడు. ఆమె కలం కొన కొరుకుతూ ఆలోచించి, 'ఏదో ఒక కనుబొమపై' అని రాసి చదివి వినిపించింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ కాగితం మీద పడిన మొదటి నిజమైన మాట అది. నిజమైనందుకే కాబోలు, ఏమీ చెప్పనట్టుగా కూడా ఉంది.

"నిన్నటామెని వచ్చే వారం పరీక్షకు పిలుస్తాను. మీరిద్దరూ రక్తం ఇవ్వాలి."

"ఇంకొకరున్నారమ్మా. ఆరేళ్ల కిందట. నేనే కాదన్నాను."

ఆమె పాత దస్త్రం తీసింది. 'గుర్తు సరిపోలలేదు' అని ఒక్క పంక్తి, పక్కన ఫోను నంబరు. పిల్లల ఆశ్రమంలో పెరిగిందట. వేరే ఊళ్లో, ఆసుపత్రి బట్టలు ఉతికే విభాగంలో ఇస్త్రీ పని. ఆరేళ్లకు నంబరు ఉంటుందన్న నమ్మకం లేకుండానే ఆ అమ్మాయి మీటలు నొక్కింది. అటు మోగింది. ఈవిడ తానెవరో, ఎందుకు చేసిందో వివరంగా చెప్పింది. అవతలి గొంతు గదంతా వినిపించింది.

"అప్పుడు కాదన్నారు కదండీ. మళ్లీ ఏంటి?"

"అదీ... గుర్తులో పొరపాటు జరిగిందండి. వాళ్ల నాన్నగారు ఇక్కడే ఉన్నారు."

వెనుక ఏవో యంత్రాలు తిరుగుతున్న చప్పుడు. "అయినట్టా, కానట్టా?"

"అది పరీక్ష చేస్తే గాని..."

"ఒకసారి చీర కూడా కట్టుకుని కూర్చున్నానండీ, బయలుదేరమంటారని. ఇంకోసారి నా వల్ల కాదు."

ఉద్యోగిని రిసీవరును ఆయనకు అందించింది. ఆయన అందుకున్నాడు. ఒక్క కండక్టరును తప్ప, కుర్చీలోకి వచ్చిన చంటివాణ్ని కూడా మీరు అనే మనిషి. ఇప్పుడేమనాలి? మీరు అంటే నువ్వు నా కూతురివి కాదని మళ్లీ ఒకసారి చెప్పినట్టవుతుంది. నువ్వు అంటే, రేపు రక్తం కాదన్నాక ఆ పిలుపును వెనక్కి తీసుకునే దారి ఉండదు. మన భాషలో క్రియ చివరికి వచ్చేసరికి ఎదుటివారు ఎవరో తేల్చక తప్పదు, వస్తావా, వస్తారా.

"చెప్పండి," అంది ఆ గొంతు. "వింటున్నాను."

ఆయన ఇంకో చేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు.

"పొరపాటు నాదేనమ్మా. ఎడమేదో కుడేదో నాకు తెలియదు. అప్పుడూ తెలియదు, తెలుసనుకున్నాను. ఈసారి కూడా కాకపోవచ్చు," అని ఆగి, ఒక్కొక్క మాటే ఏరి పెడుతున్నట్టు అన్నాడు. "సెలవు దొరికితే... ఒకసారి ఇటు రావడం వీలవుతుందా?"

అవతల యంత్రాలు చాలాసేపు తిరిగాయి. ఆమె పక్కకు తిరిగి ఎవరినో ఆదివారం డ్యూటీ ఎవరిదని అడగడం వినిపించింది.