సుభద్రను వెళ్ళనివ్వలేదు

పన్నెండేళ్ళుగా ఒక మాట నాలోనే ఉండిపోయింది. అది నేనన్న మాటే. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

సుభద్ర మా ఆయన చెల్లెలు. నేను కడియం కాపురానికి వచ్చేసరికి ఆమెకు ఇరవై దాటాయి. మొహం చూసి మాట్లాడేది కాదు. మా మొక్కల నర్సరీకి నలుగురొస్తే వెనక పాకలోకి పోయి చెవులు మూసుకునేది. "నేను దేనికీ పనికిరాను" అని తనలో తనే అనుకునేది. చిన్నప్పటి నుంచి విన్న మాట మరి. కానీ ఆమె కట్టిన మామిడి అంటు ఎండిపోవడమన్నది లేదు. ఆకు తడిమి రకం చెప్పేది.

నాకు మాత్రం అనుమానం. ఇంత తెలిసిన మనిషికి పలకరిస్తే పలకడం తెలియదా? పొగరా? నటనా? మా ఆయన ఆమె పక్కన కూర్చుని "నీ చెయ్యి మంచిదమ్మా" అని ధైర్యం చెబుతుంటే, నాకు రావలసిన మెచ్చుకోలు ఏదో ఆమెకు పోతున్నట్టుండేది.

ఒకసారి ఉద్యాన శాఖ ఆఫీసరు గారొచ్చి ఆమె పని చూశారు. "మన ఆడవాళ్ళకి ఈ అమ్మాయి చేత అంటు కట్టడం నేర్పిద్దామండి. రెండు రోజులు మా ఆఫీసుకు పంపించండి" అన్నారు. సుభద్ర ఒప్పుకుంది. చెప్పవలసిన మాటలు నాలుగు రోజులు వల్లె వేసుకుంది. ఆమె నవ్వడం అప్పుడే చూశాను. వెళ్ళే రోజు పొద్దున్న, జడ వేస్తూ అన్నాను.

"నిజంగా మెచ్చుకున్నారనుకున్నావా? జాలిపడ్డారు. నువ్వు మాట్లాడుతుంటే నవ్వుకుందామని పిలిచారు."

"జాలంటే అబద్ధమా వదినా?"

"అంతే."

ఏది చెబితే అది నమ్మే మనిషి. నాకది తెలుసు. ఆమె నవ్వులపాలు కాకూడదనే అన్నానని ఏళ్ళ తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. కాదు.

వెళ్ళలేదు. జ్వరమని నేనే కబురు పంపాను. ఆ తర్వాత ఎవరు మెచ్చుకున్నా "జాలి" అని పక్కకు తప్పుకునేది. మెల్లగా అంటు కట్టడమే మానేసింది. మా ఆయన కారణం అడిగితే, ఏమోనండి అన్నాను.

కిందటేడు మా అక్క మనవరాలిని రాజమండ్రిలో డాక్టరు గారికి చూపించడానికి తోడు వెళ్ళాను. ఆటిజం అన్నారు. ఆయన అడిగిన ఒక్కొక్క ప్రశ్నకీ నాకు సుభద్రే కళ్ళ ముందు మెదిలింది. ఇంటికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పాను సుభద్రా. వాళ్ళు నిజంగానే మెచ్చుకున్నారు."



"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేదా? నాకెలా తెలుస్తుంది?"

కోపంతో కాదు, తెలుసుకోవాలనే అడిగింది.

ఇప్పుడు నేను కంచంలో కూర వడ్డించినా ఒక్క క్షణం ఆగి నా చేతికేసి అనుమానంగా చూస్తుంది. ఎవరినీ అనుమానించడం తెలియని మనిషికి దాన్ని నేర్పింది నేనే. ఆమె క్షమించాలని అడగను, మీరు క్షమించాలనీ కాదు. ఆ రోజు ఆమెకు జ్వరం రాలేదు. ఆ మాట ఇన్నాళ్ళకు రాయగలిగాను.