సైరన్ మోగిన పూట పచ్చిపులుసు

ఒక మనిషిని కాపాడబోయి దాదాపు చంపినంత పని చేశాను. నా మాటల్లో రూపాయికి పావలా వంతే నమ్మే పాఠకులారా, ఈ ఒక్కటీ పూర్తిగా నమ్మండి. ఇందులో అబద్ధం కలిపే ధైర్యం నాకు చాల్లేదు.

అప్పట్లో నేను సూరత్ శివార్లలో, పల్సానా దారిలో ఉన్న ఒక టెక్స్‌టైల్ కాలేజీలో స్టోర్ కీపర్‌ని. కాపురం క్యాంపస్ క్వార్టర్స్‌లోనే. ఓ మధ్యాహ్నం గేటు ముందు టాంకరు బోల్తా పడింది. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. సైరన్ మోగింది. మైకులో హిందీలో చెప్పారు: అందరూ లోపలికి వెళ్లండి, తలుపులు, కిటికీలు మూయండి, ఫ్యాన్లు ఆపండి, మంట వెలిగించకండి. ఆఖరిది బీడీలు తాగేవాళ్లకని నేనే తీర్మానించేశాను.

సరిగ్గా అప్పుడు మా గుమ్మం ముందు నుంచి మల్లేశం పోతున్నాడు. కాలేజీ ల్యాబులో మగ్గాలు బాగుచేసే సిరిసిల్ల మనిషి. మరమగ్గాల దగ్గర, అతని మాటలో సాంచెల కాడ, దూది పీల్చి పీల్చి ఆయాసం తెచ్చుకున్నవాడు. గద్ద కోడిపిల్లను తన్నుకుపోయినట్టు అతన్ని లోపలికి లాగాను.

"ఏంది సార్, అంగి చినుగుతది! నా రూముకు నేను పోతున్న గదా?"

"రూము దాక ఊపిరుంటదా నీకు? కూసో. నేనుండంగ నీకేం గాదు."

మా ఆవిడ సరోజ లోపలి గదిలో కిటికీ సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కుతోంది. మల్లేశం పొద్దుటి నుంచి ఏమీ తినలేదన్నాడు. అంతే, నాలో అన్నదాత నిద్ర లేచాడు.

"పచ్చిపులుసు జేస్త. తింటే మల్ల సైరన్ మోగాలని మొక్కుకుంటవ్!"

పచ్చిపులుసుకు ఎండుమిరపకాయలు మంట మీద కాల్చాలి. మామూలు రోజుల్లో కిటికీలన్నీ తెరిచి, పక్కింటివాళ్లకు కబురు చెప్పి మరీ చేసే పని అది. ఆ రోజు చీమ దూరే సందు లేని ఇంట్లో, పొయ్యి వెలిగించి, పుల్కాల జాలీ మీద గుప్పెడు వరంగల్ మిర్చి పరిచి, ముందుగదిలోకి వచ్చి నా వీరగాథ మొదలుపెట్టాను. పేలబోయే బాయిలర్‌ను ఒంటిచేత్తో ఎలా ఆపానో చెబుతున్నాను. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు, గొప్పలు చెప్పుకునేవాడు పొయ్యి ఎరుగడు.

బాయిలర్ ఇంకా ఆగకముందే మల్లేశం దగ్గాడు. తర్వాత నేను. లోపలి నుంచి సరోజ కూడా దగ్గుతూ వచ్చింది.

"ఏందో మాడుతున్నది. పొయ్యి మీద ఏమన్న వెట్టినవా?"

"పొయ్యి గాదే, గ్యాసు! విషవాయువు గిట్లనే మాడు వాసనొస్తది."

"నువ్వెప్పుడు పీల్చినవయ్యా విషవాయువు?" అంటూ ఆమె కిటికీ గడియ మీద చెయ్యి వేసింది. నేను గబ్బిలంలా ఆ గడియకు వేలాడాను. "తియ్యకు! అందరం సస్తం!"

ఇంతలో మల్లేశం కుర్చీలోంచి జారాడు. నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. మాట లేదు, ఛాతీలోంచి సన్నగా ఈల మాత్రం వస్తోంది. పెదవులు నల్లబడుతున్నాయి. జీవితంలో మొదటిసారి నా నోట ఏ కథా రాలేదు. సెక్యూరిటీ జిగ్నేశ్‌భాయ్‌కి ఫోన్ చేసి, "గ్యాస్ ఇంట్లోకొచ్చింది!" అని మాత్రం అరవగలిగాను.

అతను మాస్కు తొడుక్కుని, ఇద్దరు మనుషులతో వచ్చాడు. వాళ్లు మల్లేశాన్ని మోసుకెళ్లి మెట్ల మీద కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. జిగ్నేశ్‌భాయ్ వంటింట్లోకెళ్లి చూసి, పొయ్యి ఆపి, కిటికీలన్నీ తెరిచి, బొగ్గులైన మిరపకాయల జాలీ పట్టుకుని బయటికొచ్చాడు. మాస్కు తీసి హిందీలో నెమ్మదిగా అన్నాడు:

"భాయ్‌సాబ్, టాంకర్లో ఉన్నది అద్దకం మిల్లుకు పోయే సబ్బునీళ్లట. ఇప్పుడే తేలింది. క్యాంపస్ మొత్తంలో గాలి చెడింది మీ ఇంట్లోనే."

మల్లేశానికి చాలాసేపటికి మాట వచ్చింది.

"సార్, గిన్నేండ్లు సాంచెల కాడ దూది పీల్చిన. గది సుత నన్ను గింత జెయ్యలే."

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు మధ్యలో ఈల మోగింది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నేను మాత్రం తలెత్తలేకపోయాను. తర్వాత చాలా రోజులు అతను ల్యాబు మెట్ల మీద ఆగి ఆగి ఎక్కుతుంటే స్టోరు తలుపు చాటున నిలబడి చూసేవాణ్ణి. పొమ్మనలేక పొగబెట్టేవాళ్లుంటారు. రమ్మని, చొక్కా పట్టి లాక్కొచ్చి పొగబెట్టినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే.

కాబట్టి మీ సాక్షిగా, పక్కనే కూర్చుని ఇది చదువుతున్న సరోజ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మళ్లీ ఎక్కడ సైరన్ మోగినా తలుపు మూస్తాను, కిటికీ మూస్తాను, అన్నిటికన్నా ముందు నోరు మూస్తాను. ఆకలితో ఉన్నవాడెవడైనా దొరికితే పెరుగన్నం పెడతాను. అదీ సరోజ కలిపిందే.