ఎర్ర గీతలు

మార్లిస్ కమ్యూనిటీ కాలేజీ ఆఫీసులో ఎంతమంది చేరారో, ఎంతమంది సర్టిఫికెట్ తీసుకున్నారో చూసి రిపోర్టు రాస్తుంది. మధ్యలో మానేసిన పేరు మీద ఎర్ర పెన్సిల్‌తో గీత కొట్టి, పెన్సిల్ చెవి వెనక దోపుకుంటుంది. ఇంట్లోనూ అది అక్కడే ఉంటుంది. సాయంత్రం వెల్డింగు క్లాసు పేజీ నిండా ఎర్ర గీతలే. ఆ రిపోర్టు చూసే నిరుడు క్లాసు ఎత్తేశారు.

మొన్న శనివారం ఆమె ఇంట్లో హీటరు పైపు పగిలితే డ్వేన్ అనే పనివాడు వచ్చి వెల్డింగు చేసి శుభ్రంగా అతికించాడు.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఇక్కడి కాలేజీలోనే మేడమ్, సాయంత్రం క్లాసులో. సగంలోనే ఉద్యోగం వచ్చేసింది, మానేశా. మా బ్యాచ్ అందరిదీ అదే కథ. మా చెల్లిని చేర్పిద్దామని వెళ్తే క్లాసే లేదన్నారు. ఏ మహానుభావుడు తీసేశాడో."

మార్లిస్ చెయ్యి చెవి వెనకున్న పెన్సిల్ మీదికి పోయింది.

"ఆ పెన్సిల్ ఒకసారి ఇస్తారా? ఇంకో ముక్క కొయ్యాలి."

ఇచ్చింది. అతను పైపు మీద ఎర్రగా గీత గీసి, సరిగ్గా దాని మీదే కోశాడు.