అరగంట ఆలస్యంగా చూపిన బస్సు

చేవెళ్ల బస్టాండులో పొద్దున్నే కొత్తిమీర వాసన వస్తుంది. పట్నం బస్సు కోసం దించిన గోనెసంచుల తడి అప్పటికింకా ఆరదు. మొన్న ఆ వాసనలో నిలబడి ఉంటే, పక్కన ఒక పిల్ల ఫోన్ చూసి వాళ్ల తాతతో "ఇంక టైమున్నది తాతా, కూసో" అంది. విజయలక్ష్మి గారు గుర్తొచ్చారు.

ఆమె నా మొదటి బాస్. తొంభైలలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఐటీ కంపెనీలు ఊళ్ల మీదికి పాకుతున్న రోజుల్లో, మొయినాబాద్‌లో బస్సు వేళలు చూపించే యాప్ చేస్తూ చిన్న కంపెనీ ఒకటి వెలిసింది. చేవెళ్ల పిల్లను, దారులు తెలుసు కదా అని నన్ను తీసుకున్నారు. అమ్మో, ఆమె కోపం! తప్పు చేస్తే ఊరుకునేవారు గానీ, దాన్ని ఇంకోదాని మీదికి నెడితే ఒంటికాలి మీద లేచేవారు. ఒకసారి నేను "సర్వర్ వల్ల మేడం" అని గొణిగాను. "దానికి నోరు లేదని దాని మీద తోస్తావేంటమ్మాయ్? చేసిందెవరో చెప్పు" అన్నారు. ఆ రోజు ఇంటికి పోయి ఆమెను కసితీరా తిట్టుకున్నాను.

మేము వాడే ప్రోగ్రాం విదేశాలది. వేళలన్నీ గ్రీన్‌విచ్ సమయంలో దాచుకుని, చూపించేటప్పుడు మన తేడా కలుపుతుంది. మన తేడా ఐదున్నర గంటలు. దానిలో పూర్తి గంటలే పడతాయి, అర పట్టదు. అందుకని ఆరు వేసి, అదనంగా పడ్డ అరగంటను ఒక్కో రూటుకూ విడిగా తీసేసేవాళ్లం. మా ఆఫీసు వేసుకున్న అతుకు అది. బస్సు వేళలు మారిన వారం చేవెళ్ల రూటును విజయలక్ష్మి గారే ఎక్కించారు. ఆ హడావిడిలో అరగంట తీయడం మరిచారు. దాంతో బస్సు వెళ్లిపోయాక కూడా, ఇంకా రావాల్సి ఉన్నట్టే యాప్ చూపించింది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ వచ్చింది. నేనే ఎత్తాను. చిల్కూరు నుంచి శ్రీలత అనే పిల్ల. వాళ్ల తాతకు డయాలసిస్. ఎప్పటిలాగే లేవబోయిన తాతను, బస్సుకు ఇంకా టైముందని ఆమే పడుకోబెట్టిందట. ఆటోలో మొయినాబాద్ చేరేసరికి పట్నం వెళ్లే చేవెళ్ల బస్సు లేదు. దవాఖానలో వంతు పోయింది. మర్నాడు ఊపిరాడక తాత పోయాడు. "మేడం, నేను టైం తప్పు చూసిన్నా? జర చెప్పుండ్రి" అని అడిగింది. మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేసి, విన్నదంతా విజయలక్ష్మి గారికి చెప్పాను.

మేనేజరు ఆమెను గదిలోకి పిలిచి, "యాప్ ఉజ్జాయింపు మాత్రమేనని చెప్పండి. తప్పు మనదని ఎక్కడా ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే మీ ఉద్యోగం ఉండదు" అన్నాడు. విజయలక్ష్మి గారు ముందు ఆ రూటు వేళలు సరిచేశారు. తర్వాత బ్యాగు తీసుకుని, "నాకు చిల్కూరు దారి చూపిస్తావా అమ్మాయ్?" అన్నారు.

శ్రీలత వాళ్ల ఇంటి ముందు దినాల పందిరి ఇంకా విప్పలేదు. విజయలక్ష్మి గారు ఆ పిల్ల వాళ్ల అవ్వ ముందు చేతులు కట్టుకుని నిలబడి, తప్పు ఎలా జరిగిందో దాచకుండా చెప్పారు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అవ్వ లోపలి గదివైపు చెయ్యి చూపి, "నాకెందుకు బిడ్డా చెప్తవ్? ఆ పోరి అన్నం ముడ్తలేదు. తాతను నేనే సంపిన అంటున్నది. దానికి చెప్పు" అంది.

శ్రీలత లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. విజయలక్ష్మి గారు నేల మీద కూర్చున్నారు. "నువ్వు సరిగ్గానే చూశావు తల్లీ. తప్పు వేసింది నేను. ఈ చేత్తోనే వేశాను."

"నేను ఏడ్వొద్దని గిట్ల అంటున్నరా మేడం?"

"కాదమ్మా. ఒట్టు."

ఆ పిల్ల ఇటు తిరగలేదు. ఆమె అక్కడే, చీకటి పడేదాకా కూర్చున్నారు.

విజయలక్ష్మి గారి ఉద్యోగం పోయింది. ఆ తర్వాత నేను ఎక్కడెక్కడో పనిచేశాను, నా చేతి తప్పులకు నేనే వెళ్లి నిలబడ్డాను. అది ఆమె నేర్పిందే. అయితే నన్ను వదలనిది ఆ చదువు కాదు. చిల్కూరు నుంచి తిరిగొస్తూ ఆటోలో ఆమె అడిగిన మాట: "ఆ పిల్ల నమ్మిందంటావా?" నమ్మింది మేడం అన్నాను. చివరికి చనిపోయే ముందు మంచంలో కూడా ఆమె అదే అడిగారు. నమ్మింది మేడం అనే అన్నాను. నాకు తెలియదు.