ఐర్లండు సూత్రాలు, కొల్లేటి గట్టు

1938లో నేను ఏలూరు మున్సిఫు కోర్టులో జూనియర్ ప్లీడరుని. మా సీనియరుగారికి ఆ ఏడు ఐర్లండు పిచ్చి పట్టింది. అక్కడి కొత్త రాజ్యాంగంలో సాంఘిక విధాన సూత్రాలున్నాయి: దేశ సంపద అందరి మేలుకూ పంచాలి, బలహీనుల బాగోగులు ప్రభుత్వం చూడాలి. తాడేపల్లిగూడెం సభలో ఆయన వాటిని ఆకాశానికెత్తి, స్వరాజ్యం వస్తే మనకూ అవే కావాలని తీర్మానం చేయించారు. సభాధ్యక్షుడు కొల్లేటి ఒడ్డు భూస్వామి. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే.

ఆ వేసవిలోనే ఆ భూస్వామి తన వరిచేను పెంచుకోవడానికి ఒక పల్లె ముందరి కాలువకు అడ్డంగా గట్టు వేయించాడు. పల్లె పడవలు కొల్లేట్లోకి పోయే దారి అదొక్కటే. వేట లేకపోతే ఆ ఇళ్లలో పొయ్యిలో పిల్లి లేవదు. ఉపన్యాసం విని నమ్మిన పల్లెవాళ్లు మా సీనియరుగారి దగ్గరికే వచ్చారు. గట్టు తీయించే ఉత్తర్వు కోసం దావా వేశాం.

కులపెద్ద ఒక మాట చెప్పాడు. "ఏవండీ, ఏటా తొలకరికి ముందు ఆ కాలువ ఒడ్డునే చీట్లు వేసుకుని, ఎవరి వల ఎక్కడో పంచుకుంటామండీ. మా తాతల నాటి నుంచీ ఇంతేనండీ. గట్టేయించిన ఆ బాబుగారి నాన్నగారు కూడా వచ్చి కూర్చునేవారండీ."

కోర్టుకు కావలసింది సరిగ్గా అదే. తరాలుగా అడ్డులేకుండా సాగిన వాడుకను చట్టం హక్కుగా ఒప్పుకుంటుంది. సాక్షులను పిలుద్దామని నేనంటే సీనియరుగారు ముఖం చిట్లించారు. ఇంత గొప్ప వాదనలో చేపల చీట్ల గొడవేమిటట!

విచారణ రోజున ఆయన ఐర్లండెక్కి ఇక దిగలేదు. మున్సిఫుగారు ఓపిగ్గా విని, ఆ సూత్రాలున్న అధికరణం మొదటి వాక్యాలు చదవమన్నారు. ఈ సూత్రాలు శాసనసభకు దారి చూపడానికే, వీటిని ఏ కోర్టూ విచారించరాదు అని అందులోనే ఉంది.

"వాళ్ల కోర్టే ముట్టుకోనిదాన్ని నన్ను అమలు చెయ్యమంటారాండీ?" అన్నారు మున్సిఫుగారు. వాడుకకు సాక్ష్యం ఏదని కూడా అడిగారు. లేదు. దావా కొట్టేశారు. పిలవని సాక్షులను అప్పీలులో పిలుస్తామంటే కుదరదు.

పల్లెవాళ్లు పడవలు ఒడ్డున బోర్లించి, ఆ భూస్వామి చేలోనే కూలికి దిగారు. సీనియరుగారు మాత్రం కోర్టులో ఓడినా నీతిలో గెలిచామంటూ మరో సభ పెట్టారు. సిగ్గులేని సభ. అధ్యక్షుడు మళ్లీ ఆ భూస్వామే, సీనియరుగారికి దండ వేసిందీ ఆయనే. ఆ భూస్వామికి ఆ సూత్రాలంటే నిజంగానే ఇష్టం. కాణీ ఖర్చులేని దయ ఎవరికి చేదు?

ఆ తర్వాత ప్రాక్టీసు చేసినన్నాళ్లూ, ఎవరు ఏ హక్కు చూపించినా నేను ముందు వెతికింది ఒక్కటే: అది ఇవ్వకపోతే ఎవరిని కోర్టుకు లాగవచ్చు? ఎవరినీ కాదని తేలితే దాన్ని సభలకు వదిలేసి, సాక్షులను పిలిపించేవాణ్ణి.