చూపకుండా అమ్మిన చీర

వెలుగుతున్న చీరల అంగడిని పట్టపగలు చీకటి చేసిన ఘనుణ్ని నేను. ఆ రోజు కరెంటు పోలేదు. పోయింది నా బుర్రే.

అప్పటికి బెంగళూరులో ఉద్యోగానికి కొత్త. పాతపేటలో చీరల వ్యాపారం చేసే నారాయణప్పగారికి ఫోన్ యాప్ తయారుచేయడం నా పని. ఆయన సరేనంటేనే నా ఉద్యోగం ఖాయమని మా టీమ్ లీడ్ మంజుల ముందే చెప్పింది. స్క్రీన్లన్నీ ఇంటర్‌ఫేస్ ఫైలులో బొమ్మల్లా అమర్చిపెట్టి ఉండేవి. బటన్లను మౌసుతో లాగి పెట్టడమంటే నాకు నామోషీ. అసలైనవాడు వ్యూ కంట్రోలర్‌ని, అంటే స్క్రీన్‌ని నడిపే భాగాన్ని, మొత్తం కోడ్‌లోనే రాస్తాడని నా నమ్మకం.

యాప్ చూపించాల్సిన రోజు పొద్దున వర్తూరులో బస్సెక్కి, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, ఆ ఫైలును తీసిపారేసి స్క్రీన్‌ని కోడ్‌లో రాశాను. కిటికీలోంచి చెరువు మీద మంచు కనిపిస్తోంది. ఆ తెలుపులో నా స్క్రీన్ కలలా తేలుతోంది. మధ్యలో చీర, కింద ‘కొనండి’ అన్న బటన్. ఎంత బాగుందో. ఒక్క ఎర్రరూ రాకుండా ఫోన్‌లోకి ఎక్కింది. తెరిచి చూడొచ్చు కదా అంటారు. చెరువును చూస్తున్నానండీ, తీరికేదీ?

అంగడిలో మంజుల పక్కనుండగా నారాయణప్పగారికి ఫోన్ అందించాను. తెర నిండా నలుపు. తెర రంగు, చీర ఫోటో రెండూ పారేసిన ఫైలుతోనే పోయాయని, రంగు చెప్పకపోతే నలుపే మిగులుతుందని అప్పుడు తట్టింది. అక్షరాలకు మాత్రం శ్రద్ధగా నలుపే రాశాను.

“ఏమప్పా, ఇంకా షట్టర్ ఎత్తలేదా?” అన్నారు నారాయణప్ప.

మంజుల నావైపు చూడను కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది. వేడెక్కుతోంది సార్ అన్నాను, అదేదో ఇడ్లీ పాత్రయినట్టు.

దుమ్ము పట్టిందేమోనని ఆయన బొటనవేలితో తెర తుడిచారు. వేలు కనబడని బటన్ మీద పడింది. నలుపు మధ్య తెల్లటి పెట్టె లేచింది: ‘మీ చీర ఆర్డరు అందింది.’

ఆయన అది చదివి, మంజుల వైపు తిరిగారు.

“నూరు చీరలు పరిచి చూపిస్తే ఒకటి అమ్ముడుపోతాది మాకు. ఈయప్ప ఒక్కటీ చూపీకుండా అమ్మినాడు. వదలొద్దమ్మా ఇతన్ని.”

అలా ఖాయమైంది నా ఉద్యోగం. కలలో చూసినదాన్ని కళ్లతో చూసుకోనిదే ఎవరి చేతికీ ఇవ్వనని, తిరుగు బస్సులో వర్తూరు చెరువు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు పూర్తయ్యేసరికి నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.