పొడపత్రీ, మలీద ముద్దా

మొన్నొక ఆదివారం స్వరూప మా ఇంటికి వచ్చి, చేతిసంచీలోంచి స్టీలు డబ్బా ఒకటి తీసి నా ముందు పెట్టి మూత తెరిచింది. ఎండుగడ్డి వాసన, దాని వెనకే సన్నటి చేదు, ఆ వెనక పాత గోనెసంచి వాసన ఒకదాని మీద ఒకటి వచ్చి ముక్కుకు తగిలాయి. పొడపత్రి పొడి. ఆ వాసనకు నాకు ముందుగా గుర్తొచ్చింది నా కుళ్ళు. నాయనమ్మ ఆ తర్వాతే గుర్తొచ్చింది.

"జర నీ మిషన్ల ఏసి చూడు అక్కా. మంచిదో కాదో చెప్పు," అంది స్వరూప. ఎందుకని అడిగితే, "చెప్పినంక చెప్త," అని టీ తాగి వెళ్ళిపోయింది.

స్వరూప మా చిన్నాయన కూతురు, నాకంటే ఆరు నెలలు చిన్నది, ఎల్బీ నగర్‌లో ఉంటుంది. నేను మూలికల్ని పరీక్షించే ఒక చిన్న ల్యాబులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఏ ఆకులో ఏ రసాయనం ఎంత ఉంది, సీసం లాంటి విషాలేమైనా చేరాయా, డబ్బా మీద పేరూ లోపలున్న మొక్కా ఒకటేనా అని చూసి, కాగితం మీద సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఇంత చదువు చదివి ఇన్ని సంతకాలు పెట్టినా, ఆకుమందు మాట వస్తే మా చుట్టాలందరూ ఫోను చేసేది స్వరూపకే. పదో తరగతి తప్పిన స్వరూపకి. పక్కనే కూర్చున్న నన్ను దాటి, "చెల్లె నంబరుంటే ఇయ్యవా," అని నన్నే అడిగినవాళ్ళున్నారు.

ఈ అన్యాయం మొదలైంది దిల్‌సుఖ్‌నగర్‌లో. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, రెండు గదుల కిరాయి ఇంట్లో రెండు కుటుంబాలూ ఒక నాయనమ్మా సర్దుకున్న రోజులవి. మా వెనక సందు దాటితే ఖాళీ జాగాలు, కొత్తపేట దాటి ఎల్బీ నగర్ వైపు పోతే ద్రాక్షతోటలు, వాటి చుట్టూ ఎత్తుగా పెరిగిన ముళ్ళకంచెలు. చలికాలం పోతూ పోతూ ఉండగా పందిళ్ళ కింద మందు కొట్టిన వాసనా, పుల్లటి కాయల వాసనా కలిసి గాలికి మా వాకిట్లోకి వచ్చేవి. ఎండాకాలం తోటలవాళ్ళు ఏరి పారేసిన పగిలిన పండ్లను గౌనుల్లో నింపుకుని వచ్చి, తొక్కుడుబిళ్ళ గీతల మీదే కూర్చుని చేతులు జిగురయ్యేదాకా తినేవాళ్ళం. వానలు పడగానే ఆ కంచెలన్నీ ఒక్క వారంలో పచ్చబడి, దొండతీగా, తిప్పతీగా, పొడపత్రీ ఒకదాన్నొకటి పట్టుకుని పైకి పాకేవి. మా ఆటలన్నీ ఆ కంచెల పక్కనే జరిగేవి. మా నాయనమ్మ దుకాణం కూడా అదే.

నాయనమ్మ ఆకుమందు ఇచ్చేది. చుట్ట కాల్చీ కాల్చీ నల్లబడ్డ పెదాలు, నడుముకు చిక్కంసంచి, చేతిలో చిన్న కొడవలి. దగ్గుకు అడ్డసరం, ఒళ్ళునొప్పులకు వావిలాకు ఆవిరి, కామెర్లకు నేల ఉసిరి, చక్కెర బీమారికి పొడపత్రి. మలక్‌పేట నుంచి కూడా రిక్షాల్లో వచ్చేవాళ్ళు. పైసలు తీసుకునేది కాదు. గురివింద గింజనూ గన్నేరునూ ఉమ్మెత్తనూ మాకు చూపించి, "గివి ముట్టినా చేతులు కడుక్కోవాలె," అని రెండేసి సార్లు మాతో అనిపించేది. దవాఖాన గోలీలు మానేసి వచ్చామని ఎవరైనా గొప్పగా చెబితే మాత్రం ఆకు ఇవ్వకుండా తిట్టి పంపేది, ఎందుకంటే రెండూ కలిస్తే ఏమవుతుందో, ఒకటి మానేస్తే ఏమవుతుందో ఆమెకు అనుభవం మీద తెలుసు.

మందు విద్య ఇంట్లో ఒక్కరికే చెప్పాలని మా వాళ్ళ పద్ధతి. ఎంత మోతాదు, ఏ కాలపు ఆకు, దేంతో కలపకూడదు, ఇవన్నీ ఒక్క చెవిలోనే పడాలి. ఆ ఏడు వానాకాలంలో నాయనమ్మ మా అమ్మతో అనగా విన్నాను: "నా నాలుక మొద్దుబారిందే. ఏ ఆకు నమిలినా బెల్లం తియ్యగనే ఉంటున్నది. గీ పోరగాండ్లల్ల ఒకరికి చెప్పి నేను బంద్ పెడ్త." ఆ నాలుక సంగతేమిటో, బెల్లమెందుకో నాకు అర్థం కాలేదు. ఒకరికి చెబుతుందన్నదొక్కటే అర్థమైంది. ఆ ఒక్కరూ నేనే కావాలి.

అంత గట్టిగా నేను ఇంకేదీ కోరుకోలేదు. పొద్దున్నే లేచి నాయనమ్మ పళ్ళపుల్ల విరిచి తెచ్చేదాన్ని, కాళ్ళు పిసికేదాన్ని, ముప్పై మొక్కల పేర్లు నోట్‌బుక్కులో వరసగా రాసుకుని అడక్కుండానే అప్పజెప్పేదాన్ని. స్వరూపకి పది పేర్లు కూడా రావు. ముక్కు కారుతూ, జడ ఊడిపోయి, తోటలో కాపలాదారుకి దొరక్కుండా పరుగెత్తడమే దాని చదువు. నాకు పోటీ అనుకోవడానికే నామోషీగా ఉండేది.

సద్దుల బతుకమ్మ సాయంత్రం సరూర్‌నగర్ చెరువుకు పోయాం. తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మలు నీళ్ళ మీద ఊగుతూ పోతుంటే తడిపూల వాసనా బురద వాసనా, మా కొత్త గౌన్ల గంజి వాసనా కలిసిపోయాయి. మర్నాడు పొద్దున ఇత్తడి గిన్నెలో మలీద మిగిలింది. గోధుమ రొట్టెలు నలిపి, బెల్లం దంచి, నెయ్యీ యాలకులూ వేసి చేసిన ముద్దలు. రాత్రంతా ఊరి నెయ్యి పైకి తేలి మెరుస్తున్నాయి. నాయనమ్మ మా ఇద్దర్నీ వెనక వాకిట్లోకి పిలిచి, మెత్తటి నూగున్న రెండు ఆకులు చెరొకటి చేతిలో పెట్టింది.

"మింగొద్దు. మంచిగ నమిలి, నోరంత తిప్పి, ఉమ్మెయ్యుండ్రి."

నమిలి ఉమ్మేశాం. ఒగరుగా, చేదుగా ఉంది. వెంటనే చెరొక మలీద ముద్ద నోట్లో పెట్టింది.

"ఎట్లున్నది?"

స్వరూప ముఖం వికారంగా పెట్టింది. "థూ! మన్ను బుక్కినట్టున్నదే నాయనమ్మా!"

వంటగదిలోంచి మా అమ్మ కేకేసింది. "అమ్మ పెసాదాన్ని మన్నంటవానే? కండ్లు పోతయ్!"

నా నోట్లోనూ మన్నే. నెయ్యి పూసిన ఇసుక నములుతున్నట్టే ఉంది, తీపి జాడ లేదు. పదేళ్ళ పిల్లని, భయపడ్డాను. అమ్మవారి మలీద ఎవరికైనా మన్నులా ఉంటుందా, నేనేం పాపం చేశాను అనుకున్నాను. అంతకంటే ఎక్కువగా, స్వరూప తిట్లు తిన్నది కాబట్టి ఇప్పుడు నేను గెలిచే సమయం వచ్చిందనుకున్నాను.

"తియ్యగున్నది నాయనమ్మా. మస్తు తియ్యగున్నది."

నాయనమ్మ నా వైపు చూసింది. "ఇంకింత తింటవా బిడ్డా?"

"పెట్టు," అని ఇంకో ముద్ద మన్ను నవ్వుతూ తిన్నాను. ఆమె కాసేపు నా నోటినే చూసి, నా తల నిమిరి, స్వరూప చెయ్యి పట్టుకుని కంచె వైపు నడిచింది. నేను వాకిట్లోనే నిలబడి చూశాను. స్వరూప ఎత్తుకు వంగి దాని చెవిలో ఏదో చెబుతోంది. చీమిడి ముక్కు స్వరూప తలాడిస్తోంది. ఆ రోజు దాని కొత్త రిబ్బన్లు తీసి నీళ్ళతొట్టిలో పారేశాను.

ఆ తర్వాత ప్రతి వానాకాలం నా కుళ్ళుకు కొత్త చిగురు వచ్చేది. ఆకు కోసి నీడన ఆరబెట్టాక నాయనమ్మ స్వరూపనే పిలిచేది. స్వరూప ఒక ఆకు నమిలి ఉమ్మి, బెల్లం పలుకు నోట్లో వేసుకునేది. అది "మన్ను" అంటే ఆకు డబ్బాలోకి, "తియ్యగున్నది" అంటే కుప్ప మొత్తం పెంటలోకి. రోజూ నాకు దక్కాల్సిన బెల్లం కూడా దానికే పోతోందని ఏడ్చేదాన్ని. నాయనమ్మ పోయేనాటికి మా ఇద్దరికీ పదహారేళ్ళు. ఆఖరి రోజుల్లో కూడా నీళ్ళు తాగించమని పిలిచింది దాన్నే.

నేను ఫార్మసీ చదవడానికి కారణం అదే, దాచుకోవడం ఎందుకు. ఒక ముసలమ్మ చెవిలో చెప్పనిదాన్ని పుస్తకాల్లో పట్టుకుంటానన్న పంతం. ఒకరోజు ప్రాక్టికల్ క్లాసులో మేడం మా అందరికీ ఎండుటాకు ముక్కా, చిటికెడు పంచదారా పంచింది. "నమిలాక పంచదార వేసుకుని ఎలా ఉందో రాయండి," అంది. క్లాసంతా గోల, ఇసుకని ఒకరు, సుద్దని ఒకరు. పొడపత్రిలో జిమ్నెమిక్ ఆమ్లాలని ఉంటాయి, అవి నాలుక మీద తీపిని పట్టే చోట్లను మూసేస్తాయి, అరగంట వరకూ తీపి తెలియదు, మంచి ఆకైతే తప్పించుకునేవాళ్ళు అరుదు అని చెప్పింది మేడం. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నాయనమ్మ కంచె మీది ఆకు ఎంత మంచిదో నాయనమ్మకు తెలుసు. నేను రెండో ముద్ద అడిగి తింటున్నప్పుడు ఆమె ఎదురుగా నిలబడి చూస్తున్నది ఒక అబద్ధాన్ని. అబద్ధం చెప్పే నాలుక ఒక్కటుంటే చాలు, పనికిరాని ఆకు డబ్బాలోకి పోతుంది, దాన్ని నమ్ముకున్న మనిషి పాడైపోతాడు. సిగ్గుతో పాటు కుళ్ళు కూడా పెరిగింది, ఎందుకంటే ఇప్పుడు స్వరూపను తప్పుపట్టడానికి కూడా ఏమీ మిగల్లేదు.

ఇదంతా ఆ స్టీలు డబ్బా పట్టుకుని ల్యాబుకు పోతూ తలచుకున్నాను. పొడిని మైక్రోస్కోపు కింద పెడితే పొడపత్రికి ఉండాల్సిన నూగు అక్కడొకటి ఇక్కడొకటి. సగానికి పైగా మరేదో తీగ ఆకు. మిషన్‌లో జిమ్నెమిక్ ఆమ్లాలు ఉండాల్సినదానికి ఎంతో తక్కువ. పది రోజులకు కాగితం చేతికొచ్చింది. చదివి, ఆఫీసులో ఒక్కదాన్నే నవ్వాను. నలభై ఏళ్ళకు స్వరూప ఇచ్చే మందు తప్పింది.

తర్వాతి ఆదివారం స్వరూప వచ్చింది. నేను నోరు తెరవకముందే చెప్పుకొచ్చింది. ఇప్పుడు ఆకు తుర్కయంజాల్ వైపు నుంచి ఒకాయన ఎండబెట్టి, పొడి కొట్టి ఇస్తున్నాడట. రెండు నెలలుగా ఆ పొడి నమిలి బెల్లం వేసుకుంటే తియ్యగానే ఉంటోందట. మందివ్వడం ఆపేసిందట.

"నలభై ఏండ్లు నమిలి నమిలి నా నాలుక కూడా నాయనమ్మ లెక్కనే మొద్దుబారిందేమో అక్కా. ఆకు మంచిదే అని నీ మిషన్ చెప్తే, ఇగ నేను బంద్ పెడ్త. నాకు గీ ఒక్క పనే వస్తదే." కళ్ళు తుడుచుకుంది.

కాగితం నా సంచీలో ఉంది. తీయలేదు. "ఆకు మంచిదే" అన్న ఒక్క ముక్క చాలు. అది నమ్ముతుంది, నా మాట ఎప్పుడూ కాదనలేదు. చుట్టాల ఫోన్లు ఆగిపోతాయి. నాయనమ్మ చెవిలో చెప్పిందంతా ఆ చెవిలోనే ముగిసిపోతుంది. నిజం చెబుతున్నాను, ఆ ముక్క నా నోటిదాకా వచ్చింది.

వంటగదిలోకి పోయి బెల్లం గడ్డ తెచ్చాను. డబ్బాలోంచి చిటికెడు పొడి నాలుక మీద వేసుకుని, నోరంతా తిప్పి, సింకులో ఉమ్మి, బెల్లం పలుకు వేసుకున్నాను. స్వరూప నా నోటినే చూస్తోంది, ఒకనాడు నాయనమ్మ చూసినట్టు.

"ఎట్లున్నదక్కా?"

"తియ్యగున్నది," అన్నాను. "ఆకే ఖరాబ్. నీ నాలుకకు ఏం కాలేదు." అప్పుడు కాగితం తీసి ఇచ్చాను. అది ఇంగ్లిషులో ఉంది. స్వరూప దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది. డబ్బా తీసుకెళ్ళి చెత్తబుట్టలో బోర్లించింది, చిన్నప్పుడు పెంటలో పోసినట్టే.

"మరి మంచి ఆకు ఇగ యాడ దొరుకుతదే?" అంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఇప్పుడు బట్టల షాపులు, కోచింగ్ సెంటర్లు, మెట్రో స్తంభాలు. ద్రాక్షపందిళ్ళు లేవు, తీగ పాకడానికి ఒక్క ముళ్ళకంచె లేదు. పది రోజులు పట్టి నా మిషన్ చెప్పిన సంగతి స్వరూప నాలుక రెండు నిమిషాల్లో చెప్పేసిందని తలచుకుంటే నాకిప్పటికీ కుళ్ళే.

అది వెళ్ళిపోయాక మిగిలిన బెల్లం నోట్లో వేసుకుని కూర్చున్నాను. తియ్యగా ఉంది. నలభై ఏళ్ళకు నేను ఆ మాట నిజంగా అన్నాను. నాయనమ్మ వినలేదు.